తూకం కాదు, చోటు లెక్క

అమెరికాకు ఓడలో పంపే ఇంటి సామానుకు తూకాన్ని బట్టే కిరాయి పడుతుందని, కాబట్టి పుస్తకాలు వదిలేసుకోవాలని గత సంచికలోని వ్యాసం చెప్పడం సరికాదు. ఇతరుల సరుకుతో కలిపి కంటైనర్‌లో వెళ్లే సామానుకు సాధారణంగా క్యూబిక్ మీటర్ల లెక్కన వసూలు చేస్తారు. చోటు మింగేది సోఫా. పుస్తకాల పెట్టెలు ఎంత బరువున్నా ఇమిడిపోతాయి. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న పుస్తకాలను ఇలాంటి సలహా నమ్మి పాత కాగితాల కింద అమ్మేస్తే ఆ నష్టం పూడేది కాదు.

అన్నీ కొత్తవి కొని పంపాలన్న సూచన కూడా తప్పే. విదేశంలో కనీసం ఏడాది వాడిన గృహోపకరణాలకే అమెరికా కస్టమ్స్ సుంకం మినహాయిస్తుంది. పైగా అక్కడి ఇళ్లలో మామూలు ప్లగ్గుకు వచ్చే కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. 230 వోల్టుల మిక్సీకి ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

- ఒక పాఠకుడు, కాకినాడ