నెలలు నిండని బిడ్డ ఇంటికొచ్చాక ఆశా రాకపోతే, వచ్చినా సాయపడకపోతే ఏం చేయాలి?

బిడ్డ నెలలు నిండకుండా పుడితే, ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ నర్సులు, డాక్టర్లు, వార్మర్లు ఉంటాయి. డిశ్చార్జి చేసిన రోజు నుంచి ఆ బాధ్యత మొత్తం తల్లి మీద, ఇంట్లోని పెద్దవాళ్ల మీద పడుతుంది. ఆ తర్వాత ప్రభుత్వం తరఫున ఆ ఇంటి గడప తొక్కాల్సింది ఆశా కార్యకర్త, ఆమె వెనుక ఏఎన్‌ఎం. సరిగ్గా ఇక్కడే చాలా కుటుంబాలకు చేదు అనుభవం ఎదురవుతోంది. ఎవరూ రారు. వచ్చినా గుమ్మంలో నిలబడి పేరు రాసుకుని వెళ్తారు. లేదంటే ‘బిడ్డ బరువే లేదు, నీ పాలు చాలట్లేదు, డబ్బా పాలు పట్టు’ అని ఒక మాట పడేసి పోతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇతర సంస్థల అంచనా ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 1.34 కోట్ల మంది పిల్లలు నెలలు నిండకుండా పుట్టారు. అందులో దాదాపు 30 లక్షల మంది మన దేశంలోనే. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. ఈ పిల్లల ఇంటి సంరక్షణకు మన దగ్గర పథకం లేదా అంటే ఉంది. అందులో ఏముందో తెలిస్తేనే ఏది అందలేదో గట్టిగా అడగగలం.

ఇంటికి వచ్చి ఏం చేయాలి?

పుట్టిన పిల్లలకు ఇంటి దగ్గరే సంరక్షణ అందించే పథకం (హెచ్‌బీఎన్‌సీ) 2011 నుంచి దేశవ్యాప్తంగా అమలవుతోంది. దీని మూలాలు మహారాష్ట్రలోని గడ్చిరోలిలో ఉన్నాయి. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతుల బృందం అక్కడి పల్లెల్లో స్థానిక మహిళలకు శిక్షణ ఇచ్చి, పసికందుల ఇళ్లకు పంపింది. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వెలువడ్డాయి. ఆ అనుభవమే తర్వాత జాతీయ పథకానికి దారి వేసింది.

ఈ పథకం కింద కాన్పు ఆస్పత్రిలో జరిగితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు ఆశా ఇంటికి రావాలి. ఇంట్లోనే కాన్పు అయితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు. వచ్చిన ప్రతిసారీ బిడ్డను తూచాలి. థర్మామీటరుతో ఒంటి వేడి చూడాలి. శ్వాస లెక్కపెట్టాలి. పాలు ఎలా తాగుతోందో కళ్లారా చూడాలి. బొడ్డు, చర్మం, కళ్లు పరిశీలించాలి. ప్రమాద సూచనలు కనిపిస్తే ఆస్పత్రికి పంపాలి. ఇందుకోసం ఆమెకు తూకం, థర్మామీటరు, డిజిటల్ గడియారం ఉన్న కిట్ ఇస్తారు. చిన్న పిల్లలైతే తల్లి గుండెలకు హత్తుకుని వెచ్చగా ఉంచే కంగారూ పద్ధతిని కూడా చూపించాలి. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలల్లో మరో అయిదు సందర్శనలు ఉంటాయి. వీటిని 2018లో చేర్చారు.

కాబట్టి గుమ్మం దగ్గర సంతకం తీసుకుని వెళ్లడం సందర్శన కాదు. బిడ్డను ముట్టుకోకుండా, తూచకుండా, పాలు పట్టడం చూడకుండా వెళ్తే అది రిజిస్టర్‌లో గీత మాత్రమే.

తేడా ఎక్కడ వస్తోంది?

మొదటి చిక్కు క్యాలెండర్‌లోనే ఉంది. సందర్శన తేదీలను లెక్కపెట్టేది పుట్టిన రోజు నుంచి, ఇంటికొచ్చిన రోజు నుంచి కాదు. నెలలు నిండి పుట్టిన బిడ్డ మూడు నాలుగు రోజుల్లో ఇంటికి వస్తుంది కాబట్టి ఆ లెక్క సరిపోతుంది. 30 వారాలకే పుట్టి, 25 రోజులు ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ కేంద్రంలో (ఎస్‌ఎన్‌సీయూ) ఉన్న బిడ్డకు ఆరింటిలో నాలుగు తేదీలు ఆస్పత్రిలోనే గడిచిపోతాయి. మిగిలేవి 28, 42 రోజుల సందర్శనలు రెండే. అంటే ఎవరికి ఎక్కువ తోడు కావాలో వాళ్లకే తక్కువ అందుతోంది. ఎస్‌ఎన్‌సీయూ నుంచి వచ్చిన బిడ్డకు మిగిలిన సందర్శనలు పూర్తిచేస్తే ఆశాకు పూర్తి ప్రోత్సాహకం రూ.250 ఇవ్వాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. డబ్బుకు అడ్డు లేదు కానీ, పోయిన తేదీలు తిరిగి రావు.

రెండోది పుట్టింటి కాన్పు. మన దగ్గర కోడలి పేరు గర్భిణిగా నమోదయ్యేది అత్తగారి ఊళ్లో. కాన్పుకు వెళ్లేది పుట్టింటికి. ఆస్పత్రి మూడో ఊళ్లో. అత్తగారి ఊరి ఆశా ‘ఆమె ఇక్కడ లేదు’ అంటుంది. పుట్టింటి ఊరి ఆశా ‘ఆమె నా లిస్టులో లేదు’ అంటుంది. తల్లీబిడ్డలు ఊరు మారితే సందర్శనలను ఇద్దరు ఆశాలు పంచుకోవచ్చని, ఎవరి వాటా ప్రోత్సాహకం వారికి ఇవ్వొచ్చని నిబంధనల్లోనే ఉంది. ఈ సంగతి అటు కుటుంబానికి తెలియదు, ఇటు కొందరు ఆశాలకూ తెలియదు.

మూడోది ప్రైవేటు ఆస్పత్రి. ప్రభుత్వ ఎస్‌ఎన్‌సీయూ నుంచి డిశ్చార్జి అయితే కనీసం కింది స్థాయికి కబురు వెళ్లే ఏర్పాటు ఉంటుంది. ప్రైవేటులో ఉండి వచ్చిన బిడ్డ గురించి ఊళ్లో ఆశాకు చెప్పేవాళ్లు ఉండరు. కుటుంబమే చెప్పుకోవాలి.

నాలుగోది ఆశా పరిస్థితి. దాదాపు వెయ్యి జనాభాకు ఒక్కరు. టీకాలు, గర్భిణుల నమోదు, టీబీ, కుష్ఠు, బీపీ–షుగర్ సర్వేలు, యాప్‌లలో ఎంట్రీలు అన్నీ ఆమె మీదే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి నెలకు రూ.10 వేలు ఇస్తున్నారు. తెలంగాణలో స్థిర వేతనంగా రూ.18 వేలు ఇవ్వాలని ఆశాలు ఏళ్లుగా రోడ్డెక్కుతున్నారు. ఆమె నర్సు కాదు. కిలోన్నర బిడ్డను చేతుల్లోకి తీసుకోవడానికి ఆమెకూ భయమే. తూకం పాడై ఏడాదైనా కొత్తది రాకపోతే ఆమె ఏం తూస్తుంది? ఇవన్నీ నిజాలే. అయినా ఆ బరువు పసిబిడ్డ మీద పడకూడదు. అందుకే గొంతు పెంచాల్సింది ఆశా మీద కాదు, ఆమెకు పైనున్న వ్యవస్థ మీద.

‘బరువు లేదు’ అంటే ఏ వయసుకు?

తల్లులను ఎక్కువగా కుంగదీసేది ఈ మాటే. 32 వారాలకు పుట్టిన బిడ్డ ఎనిమిది వారాలు ముందు వచ్చినట్టు. నాలుగు నెలలు నిండిన రోజున ఆ బిడ్డ ఎదుగుదలను రెండు నెలల బిడ్డతో పోల్చాలి. దీన్నే సవరించిన వయసు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం నాలుగు నెలల మగబిడ్డ సగటు బరువు 7 కిలోలు, రెండు నెలలకు 5.6 కిలోలు. పుట్టిన తేదీతో చూస్తే ఎర్ర గీత కింద కనిపించే బిడ్డ, సవరించిన వయసుతో చూస్తే బాగానే ఉండొచ్చు. ఆశా గానీ అంగన్‌వాడీ టీచర్ గానీ కార్డులో చుక్క పెట్టేటప్పుడు ‘ఎన్ని వారాలకు పుట్టిందో చూసి లెక్కేశారా?’ అని అడగండి. మెడ నిలపడం, బోర్లా పడటం, కూర్చోవడం కూడా ఇదే లెక్క. టీకాలకు మాత్రం ఈ సవరణ వర్తించదు. డాక్టర్ ప్రత్యేకంగా ఆపమంటే తప్ప, పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి.

రోజూ తూచి కంగారు పడొద్దు. వారానికి ఒకసారి, అదే తూకం మీద, బట్టలు లేకుండా తూచండి. ఇంటికొచ్చిన చిన్న బిడ్డ రోజుకు సుమారు 20–30 గ్రాములు, అంటే వారానికి 150–200 గ్రాములు పెరుగుతుంటే దారిలో ఉన్నట్టే. వారం గడిచినా పెరగకపోతే డబ్బా పాలకు వెళ్లే ముందు పిల్లల డాక్టర్‌కు చూపించాలి. రొమ్ము పట్టి తాగే శక్తి లేకపోతే పిండిన తల్లిపాలను ఉగ్గుగిన్నెతో పట్టొచ్చు. ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకోసారి అన్నది డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. ఐరన్, విటమిన్–డి చుక్కలు ఎప్పటి నుంచి, ఎంత అన్నదీ అందులో ఉండాలి.

ఇంటికొచ్చిన ఎవరైనా తేనె నాకించమన్నా, వస పోయమన్నా, సాంబ్రాణి పొగ వేయమన్నా, రోజూ నలుగు పెట్టి తలంటు పోయమన్నా వినొద్దు. ఈ పిల్లలకు చలి, పొగ, ఇన్ఫెక్షన్ పెద్ద శత్రువులు. ఒంటి వెచ్చదనానికి కంగారూ పద్ధతికి మించింది లేదు. హరియాణాలో 1,500 నుంచి 2,250 గ్రాముల మధ్య పుట్టిన పిల్లల ఇళ్లకు కార్యకర్తలు వెళ్లి తల్లులకు ఈ పద్ధతి నేర్పి, పదేపదే వెళ్లి చూశారు. మొదటి 28 రోజుల్లో మరణాల ముప్పు 30 శాతం తగ్గిందని 2019లో లాన్సెట్ ప్రచురించింది. ఇంటి సందర్శన సక్రమంగా జరిగితే ఏం సాధించొచ్చో ఇదే చెబుతోంది.

ఎవరి కోసమూ ఆగకూడనివి

కళ్ల పరీక్ష వీటిలో మొదటిది. 34 వారాల లోపు పుట్టిన, లేదా రెండు కిలోల కంటే తక్కువ బరువున్న పిల్లలకు రెటీనా దెబ్బతినే జబ్బు (ఆర్‌ఓపీ) రావొచ్చు. బయటికి కన్ను మామూలుగానే కనిపిస్తుంది. పుట్టిన 30 రోజుల లోపు నిపుణులతో పరీక్ష చేయించాలి. 28 వారాల లోపు లేదా 1,200 గ్రాముల లోపు పుట్టిన వారికి రెండు మూడు వారాలకే చేయించాలి. సమయానికి చికిత్స అందితే చూపు నిలుస్తుంది, దాటిపోతే తిరిగి రాదు. ఆశా గుర్తుచేయలేదన్న కారణంతో ఈ తేదీ పోగొట్టుకోకూడదు. ఎక్కడ చేస్తారో డిశ్చార్జికి ముందే అడిగి తేదీ వేయించుకోండి. వినికిడి పరీక్ష సంగతీ అప్పుడే అడగండి. ఎదుగుదలలో తేడాలు అనిపిస్తే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఉన్న సత్వర చికిత్స కేంద్రానికి (డీఈఐసీ) పంపించమని కోరొచ్చు.

రెండోది ప్రమాద సూచనలు. బిడ్డ పాలు తాగడం మానేసినా, నిమిషానికి 60 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, ఒంటి వేడి 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరినా, 95.9 కంటే పడిపోయినా, కదలికలు తగ్గి మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, అరచేతులు అరికాళ్లు పచ్చబడినా ఆశాకు ఫోన్ చేసి కూర్చోవద్దు. 108కి ఫోన్ చేసి నేరుగా ఎస్‌ఎన్‌సీయూ ఉన్న ఆస్పత్రికి వెళ్లండి. బిడ్డను దారిలో గుండెలకు హత్తుకునే ఉంచండి. ఏడాది లోపు పిల్లలకు ప్రభుత్వాస్పత్రుల్లో చికిత్స, మందులు, పరీక్షలు, రవాణా జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఉచితం.

ఎవరిని, ఎలా అడగాలి?

డిశ్చార్జి రోజునే మొదలుపెట్టండి. ఇప్పుడు బిడ్డ ఏ ఊళ్లో, ఎవరింట్లో ఉండబోతోందో చెప్పి, ఆ ఊరి ఆశా, ఏఎన్‌ఎం ఫోన్ నంబర్లు తీసుకోండి. పుట్టింటికి వెళ్తుంటే అక్కడి ఆశాకు మీరే ఫోన్ చేసి, బిడ్డ ఎన్ని వారాలకు పుట్టింది, బరువెంత, ఏ రోజు ఇంటికి వస్తోంది చెప్పండి. వచ్చిన ప్రతిసారీ తేదీ, బరువు, ఒంటి వేడి తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో రాయించండి. సందర్శన జరిగిందనడానికీ, జరగలేదనడానికీ ఆ కార్డే ఆధారం.

రావాల్సిన తేదీ దాటినా రాకపోతే ముందు ఆశాతో, తర్వాత ఏఎన్‌ఎంతో మాట్లాడండి. ఫలితం లేకపోతే పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ను కలవండి. ఆశాల పనిని, చెల్లింపులను చూసేది ఆ స్థాయిలోనే. పట్టణాల్లో అయితే అర్బన్ హెల్త్ సెంటర్‌లో, తెలంగాణలో బస్తీ దవాఖానాలో అడగొచ్చు. ‘మీ ఆశా మంచిది కాదు’ అంటే అది తగవుగా మారుతుంది. ‘14వ రోజు, 21వ రోజు ఎవరూ రాలేదు, కార్డులో బరువు రాయలేదు, ఈ వారం ఎవరు వచ్చి తూస్తారు?’ అంటే ఆయన సమాధానం చెప్పక తప్పదు. మీ ఆశాతో పొసగకపోతే ఏఎన్‌ఎంనే రమ్మని అడగడం తప్పేమీ కాదు. అక్కడా పని జరగకపోతే 104కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వైద్యారోగ్య అధికారికి రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. కలెక్టరేట్లలో సోమవారాలు జరిగే ప్రజావాణి (తెలంగాణ), ప్రజా సమస్యల పరిష్కార వేదిక (ఆంధ్రప్రదేశ్) కూడా ఉన్నాయి. అర్జీకి కార్డు నకలు, డిశ్చార్జి కాగితం జత చేయండి.

మారాల్సింది ఏమిటి?

ఒక్కో కుటుంబం పోరాడి ఒక్కో సందర్శన సాధించుకోవడం పరిష్కారం కాదు. నెలలు నిండని పిల్లలకు సందర్శనల లెక్క పుట్టిన రోజు నుంచి కాకుండా ఇంటికొచ్చిన రోజు నుంచి మొదలుపెడితే, అదే ఆశా, అదే రూ.250తో ఆరు సందర్శనలూ వాళ్లకు దక్కుతాయి. ప్రైవేటు ఆస్పత్రులు కూడా ఇలాంటి డిశ్చార్జిలను జిల్లా వైద్యారోగ్య శాఖకు తెలపాలన్న షరతు పెట్టొచ్చు. మొదటి సందర్శనకు ఆశాతో పాటు ఏఎన్‌ఎం వెళ్తే చిన్న బిడ్డను చూసి ఆశా జంకే అవసరం ఉండదు. వీటికి కొత్త భవనాలు, కొత్త పథకాలు అక్కర్లేదు. ఉన్న మార్గదర్శకాల్లో రెండు మూడు వాక్యాలు మార్చాలి, ఆశా చేతికి పనిచేసే తూకం ఇవ్వాలి.