వసూలుకు ఒక్కటి, ఊరటకు ఇద్దరా?

భిలాయి ఉక్కు నగరంలో రెండు తెలుగు కుటుంబాలను ఊహించుకొందాం. ఒక ఇంట భర్త ఒక్కడే సంపాదనపరుడు. పన్ను లెక్కకు వచ్చే జీతం 24 లక్షలు. పక్కింట దంపతులు చెరి 12 లక్షలు ఆర్జిస్తారు. 2025-26 సంవత్సరానికి కొత్త పద్ధతిలో మొదటి ఇంటిపై పన్ను సెస్సుతో సహా 3,12,000 రూపాయలు; రెండవ ఇంటిపై సున్న.

చట్టం కంటికి వ్యక్తులే గాని దంపతులు ఆనరు. అదే చట్టం, భర్త ఇచ్చిన సొమ్ముపై భార్యకు వచ్చే వడ్డీని మాత్రం భర్త ఆదాయంలోనే కలుపుతుంది! అమెరికాలో 1948 నుంచి దంపతుల ఉమ్మడి రిటర్నుకు ఊరట ఉన్నది. అయితే ఉమ్మడి లెక్కను నిర్బంధం చేస్తే, భార్య జీతంపై తొలి రూపాయి నుంచే పై రేటు పడి, ఆమె ఉద్యోగానికే చేటు. కనుక ఎంపిక దంపతులదే కావాలి. పార్లమెంటు చెవిన పెట్టవలసిన మాట ఇది.