గుమ్మం ముందు ఈతచెట్టు

ఈతచెట్టు కింద పాలు తాగినా కల్లనే అంటుంది లోకం. అంతటి అపకీర్తి మోసిన చెట్టు ఇప్పుడు కొత్త మేడల ముందు ద్వారపాలకుడిలా నిలబడుతున్నది. నర్సరీలో "ఈతచెట్టు కావాలి" అని అడగండి, యెగాదిగా చూస్తారు. "సిల్వెస్ట్రిస్" అనండి, కుర్చీ వేస్తారు!

తెలుగు మేష్టర్ని కనుక పేరు దగ్గర కాస్త ఆగుతాను. లాటిన్‌లో ఆ మాటకు 'అడవిది' అని అర్థం. 18వ శతాబ్దం చివర మన సామర్లకోటలో వుండి ఇక్కడి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గే దీన్ని ఖర్జూరంతో ఒక జాతిలో చేర్చాడు. పేరు పరాయిదైనా చెట్టు మనదే.

ఆనవాలు చెబుతాను. కొబ్బరాకు ఈనెకు రెండు పక్కలా ఇంటికప్పులా కిందికి వాలుతుంది. ఈతాకు దోనెలా పైకి తెరుచుకుంటుంది. మట్ట మొదట్లో ఆకులే ముళ్లవుతాయి. ఖర్జూరానికి అడుగున పిలకలు వస్తాయి. మన ఈత ఒంటిమాను. కుండీల్లో ముద్దుగా కనబడే పొట్టి రకం మేకాంగ్ నదీతీరాలది. ఈ చెట్లలో ఆడా మగా వేరు, మగచెట్టు కాయదు.

నాటడానికి మంచి ఎండ కావాలి, నీరు నిలవకూడదు. మన లంక పల్లాల్లో మెరక వేసి నాటవలసిందే. పిల్లలు తిరిగే దారికి ముళ్లు దూరంగా వుండాలి. పెద్దచెట్టును తెచ్చి నాటితే, పాతచోట వున్న లోతుకు మించి మాను పూడ్చవద్దు. దానికి ప్రాణమంతా మొవ్వులోనే. అది పోతే మరో కొమ్మ రాదు.

అందం కోసం పచ్చిమట్టలు చెక్కించే వారికి ఒక్క మనవి. ఆ గాయాల వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది. దానికి ఈతా ఒకటే, కొబ్బరీ ఒకటే. మాను లోపల గుల్లచేసి, ఆకులు వాలేదాకా తన జాడ తెలియనివ్వదు. మీ గుమ్మం ముందు చేరిన పురుగు పొరుగువాడి తోటకు పోవడానికి గోడ అడ్డం కాదు. ఆ తోట మీదనే అతని ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది.

కాబట్టి ఎండిన మట్టలే తీయించండి. మానుకు తొలిచిన రంధ్రాలూ, వాటినుంచి కారే జిగురూ, పీచూ కనబడితే వెంటనే ఉద్యానశాఖ వారికి చెప్పండి. పచ్చిమట్ట ముట్టకుండా వదిలేస్తే ఈతచెట్టు అందానికి మన కత్తి సాయం అక్కరలేదు.