తొట్టిలో టైల్సు మంచివేనా?

ప్రశ్న: కుళాయి రోజూ రాదు గనుక ఇంట్లో సిమెంటు తొట్టి కట్టించాం. లోపల టైల్సు వేయించవచ్చునా? — ఒక సోదరి, ఆదోని

జవాబు: నిస్సందేహంగా వేయించండి. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు వాడుకునే ఆదోని, ఎమ్మిగనూరుల్లో తొట్టి లేని ఇల్లు తక్కువ. డెంగ్యూ దోమకు కావలసిందీ అదే. మురుగు కాదు, నిలవ ఉన్న తేట నీరు! నీటి అంచుకు కాస్త పైన, గరుకు గోడకు గుడ్లు అంటిస్తుంది. తొట్టి ఎండినా అవి నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు తగలగానే పురుగులవుతాయి. అందుచేత నీళ్లు పారబోస్తే చాలదు, గోడ తోమాలి. నున్నని తెల్ల టైల్సయితే తోమడం సులువు. పాచీ, పురుగూ కంటబడతాయి. (ముదురు రంగువి అందమని దుకాణదారు అంటాడు, వినకండి.) సందుల్లో సిమెంటు నిండుగా పూయించండి. తొట్టి పక్కన కాలు మోపే చోట మాత్రం గరుకు బండే ఉండాలి.

గుడ్డు దోమ కావడానికి సుమారు వారం పడుతుంది. కనుక వారానికొకసారి ఖాళీ చేసి, కొబ్బరి పీచుతో పై అంచుదాకా రుద్ది ఆరనివ్వండి. మూత తప్పనిసరి.

తెల్ల మరకలకు కొందరు యాసిడ్ పోసి, వెంటనే బ్లీచింగ్ పౌడరు చల్లుతారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది; మూసిన గదిలో ప్రాణం మీదికి వస్తుంది. మరకను చింతపండుతో రుద్ది బాగా కడగండి. బ్లీచింగ్ మరో రోజు.