పళ్ళ లెక్క

పోయిన సంచికలో లాకరు నామినేషను గురించి రాసినందుకు నలుగురైదుగురు పాఠకులు ఫోను చేసి మాట్లాడారు. సంతోషం. ఈసారి మాత్రం బ్యాంకు మాట ఎత్తనని మా ఆవిడకు మాటిచ్చాను. సైకిలు గురించి రాస్తాను. పళ్ళంటే నోట్లో పళ్ళు కావు లెండి. యాభై అయిదు దాటినవాణ్ణి, ఆ లెక్క ఇంకోసారి చూసుకుందాం.

మా ఇల్లు బెంగళూరు హనుమంతనగర్‌లో. పక్కనే గవిపురం గుట్టహళ్లి. పేరులోనే గుట్ట ఉంది, తక్కినది మీరే ఊహించుకోండి. ఇంటికీ మా బ్రాంచికీ ఆరు కిలోమీటర్లు. రెండేళ్ళ క్రితం నా షుగరు గీత దగ్గరికి వచ్చి నిలబడిందని డాక్టరుగారు చెబితే, స్కూటరు మానేసి మా నాన్నగారి నల్ల సైకిలు దులిపి బయటికి తీశాను. 1974లో కొన్న బండి. చదును రోడ్డు మీద ఏనుగు అంబారీలా పోతుంది. ఎక్కుడు వస్తే మాత్రం సీటు మీంచి లేచి, ఒంటి బరువంతా పెడలు మీద వేస్తేగాని కదలదు. నెల తిరిగేసరికి కుడి మోకాలు మెట్లు దిగనివ్వడం మానేసింది.

గేరు సైకిలు కొనండి అన్నారు అందరూ. కొన్నాను. షాపులో కుర్రాడు "21 గేర్లు సార్" అన్నాడు, మేం వడ్డీ రేటు చెప్పేటంత గట్టిగా. ఏ గేరు ఎప్పుడు వెయ్యాలో అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పెద్ద అంకె అయితే పెద్ద లాభం అనుకుని రోజూ అన్నిటికంటే బరువైన గేరులోనే తొక్కాను. మోకాలు ఎప్పటిలాగే నొప్పి.

ఒక సాయంత్రం ఫ్లైఓవరు ఎక్కుతున్నాను. కాళ్ళు ఆగిపోయేదాకా అలాగే లాగి, ఇక కాదనిపించాక ఒక్కసారిగా ముందు గేరు మార్చాను. బలమంతా చైను మీద ఉండగా మార్చకూడదని నాకేం తెలుసు? చైను ఊడింది, కాలు జారింది, రోడ్డు మీద పడ్డాను. వెనక వస్తున్న బస్సు డ్రైవరు సమయానికి బ్రేకు వేశాడు కనుక ఈ శీర్షిక ఇంకా నడుస్తోంది. మోచెయ్యి చీరుకుపోయి ఇంటికి వస్తే మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. సైకిళ్ళు రెండింటికీ తాళం వేసి, తాళంచెవులు పోపుల డబ్బాలో పెట్టింది.

మూడు వారాలు ఆటోలో తిరిగాను. కామర్స్ చదివినవాడికి ఊరుకోబుద్ధి కాకపోతే పట్టిక గీస్తాడు. నేనూ ఒక తెల్లకాగితం తీసుకుని రెండు సైకిళ్ళ దగ్గరా చతికిలబడి పళ్ళు లెక్కపెట్టాను.

లెక్క తేలికే. ముందు చైన్‌వీలు పళ్ళను వెనక ఫ్రీవీలు పళ్ళతో భాగించి, చక్రం వ్యాసం అంగుళాలతో గుణించాలి. అంగుళాలు ఎందుకంటే, పూర్వం చైను లేని రోజుల్లో పెడళ్ళు నేరుగా ముందు చక్రానికే ఉండేవి. చక్రం ఎంత పెద్దదైతే ఒక చుట్టుకు అంత దూరం. మనిషి గుండెల ఎత్తు చక్రం మీద కూర్చుని తొక్కేవాళ్ళ బొమ్మలు మీరు చూసే ఉంటారు. చైను వచ్చాక ఆ చక్రం పోయింది, కొలత మిగిలింది.

నాన్నగారి సైకిలుకు ముందు 44, వెనక 18, చక్రం 28 అంగుళాలు. గుణిస్తే 68 పైచిలుకు. ఒక్క చుట్టు తొక్కితే దాదాపు ఐదున్నర మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 20 కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది. చదునుకు బాగానే ఉంది. కానీ ఎక్కుడులో నా వేగం గంటకు 8 కిలోమీటర్లు. అంటే నిమిషానికి 24 చుట్లు. ఒక్కో చుట్టూ ఒక గుంజీ. మోకాలు అరిగిందంటే అరగదా మరి?

కొత్త సైకిలుకు ముందు మూడు చక్రాలు: 42, 34, 24 పళ్ళు. వెనక ఏడు: 14 నుంచి 28 దాకా. టైరు 26 అంగుళాలు. నడిమి 34ను వెనక 28తో కలిపితే 32 అంగుళాలు కూడా రాదు. అదే ఎక్కుడు, అదే 8 కిలోమీటర్ల వేగం, కానీ కాళ్ళు నిమిషానికి 53 చుట్లు తిరుగుతాయి. ఒక్కో తొక్కుకు వెయ్యాల్సిన బలం సగానికంటే తక్కువ. (బ్యాంకు మాట ఎత్తనన్నాను గాని ఇక్కడ తప్పదు.) ఇది కంతులు పెంచడమే. అసలు మారదు, గుట్ట ఎత్తు ఎంతో అంతే. కంతుల సంఖ్య పెరిగితే ఒక్కో కంతు తేలికవుతుంది. అప్పు కట్టలేనివాడికి మేం చేసే ఉపకారమే మోకాలికి గేరు చేస్తుంది, అదీ వడ్డీ లేకుండా.

ఇక ఆ 21 సంగతి. 42ను 28తో భాగిస్తే ఒకటిన్నర. 24ను 16తో భాగించినా ఒకటిన్నరే. ఒకే గేరును రెండుసార్లు లెక్కపెట్టారు. ముందు 42 వెనక 22, ముందు 34 వెనక 18 వేసి చూస్తే అవీ ఇంచుమించు ఒకటే. పైగా ముందు పెద్దది వెనక పెద్దది, ముందు చిన్నది వెనక చిన్నది కలపకూడదు. చైను వంకరగా లాగి తొందరగా అరుగుతుంది. ఇవన్నీ కొట్టేస్తే మిగిలేవి పన్నెండో పదమూడో. వాటిలో నాకు కావలసినవి నడిమి చక్రం మీద ఏడే. అవి 32 నుంచి 63 అంగుళాల దాకా వస్తాయి. ఆఫీసుకు పోయి వచ్చే మనిషికి అంతకంటే ఏం కావాలి? ముందు గేరు జోలికే పోనక్కరలేదు. నన్ను పడేసింది కూడా అదే.

గేరు వాడటం నామోషీ అనుకునేవారు మనలోనే కాదు, ఎక్కడైనా ఉన్నారు. టూర్ ద ఫ్రాన్స్ పందెం పెట్టిన ఆన్రీ ద్‌గ్రాంజ్ 1902లోనే, ఇలాంటి గేర్లు 45 దాటినవారికి తప్ప పనికిరావని రాశాడు. ఆ పందెంలో ఈ చైను మార్చే గేర్లను అనుమతించింది 1937లో. నాకు 45 ఎప్పుడో దాటింది కనుక ఆయన ప్రకారం చూసినా నేను అర్హుణ్ణే.

అందరూ గేరు సైకిలే కొనాలని చెప్పను. ఈ పత్రిక చదివే యానాం వారికి, చెన్నై సముద్రపు ఒడ్డున ఉండేవారికి నాన్నగారి 68 అంగుళాలు చాలు. ఎదురుగాలి రోజున కొంచెం కష్టం, అంతే. పుణెలో కాత్రజ్ వైపు ఉండేవారికి ఆ పాత సైకిలు ఇవ్వడం పగవాడికి ఇచ్చినట్టు. నడిమి రకం ఊళ్ళకు వెనక చక్రం హబ్బులోపలే మూడు గేర్లుండే రకం మంచిది. కింది గేరు ముప్పాతిక, పై గేరు ఒకటీ మూడోవంతు. సిగ్నలు దగ్గర ఆగి ఉండగా కూడా మార్చుకోవచ్చు. మన షాపుల్లో అది సులువుగా కనబడదు, అదే చిక్కు.

కాగితం మా ఆవిడ ముందు పెట్టాను. అంతా విని, "మరి మామయ్యగారి సైకిలు?" అంది. అది నేను ఆలోచించలేదు. అమ్మేద్దామని మా అబ్బాయి ఎప్పటినుంచో అంటున్నాడు.

మర్నాడు ఒక తాళంచెవి బయటికి వచ్చింది, పాతదాని తాళంచెవి. మా వీధి చివర సైకిలు షాపాయన దగ్గరికి నడిపించుకుపోయి, వెనక 18 తీసి 22 పళ్ళ ఫ్రీవీలు వెయ్యమన్నాను. "ఏం సార్, అందరూ స్పీడు కావాలని చిన్నది అడుగుతారు, మీరు పెద్దది అంటా ఉండారే?" అన్నాడు. చైనుకు రెండు లింకులు అతికించి వేశాడు. 68 కాస్తా 56 అయింది. ఎక్కుడులో రూపాయికి పద్దెనిమిది పైసల బరువు తగ్గింది. చదునులో ఆ మేరకు నిదానించింది. గాంధీ బజారుకు కూరల కోసం పోయేవాడికి తొందరేముంది?

ఊడదీసిన పాత ఫ్రీవీలు చేతికిచ్చాడు. పళ్ళు ఒకవైపుకు కొక్కేల్లా అరిగి ఉన్నాయి. మా నాన్నగారు సిటీ మార్కెట్‌లో బట్టల కొట్లో లెక్కలు రాసేవారు. ఆదివారాలు వెనక క్యారియరు మీద నేను, హ్యాండిలుకు సరుకుల సంచులు. గుట్టహళ్లి ఎక్కుడు రాగానే దిగి, "నువ్వు కూర్చో" అని నన్ను దిగనివ్వకుండా నెట్టుకుంటూ నడిచేవారు. నాతో కబుర్లు చెప్పడానికి దిగుతున్నారనుకునేవాణ్ణి. ఆ రోజుల్లో ఆ ఫ్రీవీలు మార్చడానికి ఎంతయ్యేదో షాపాయన్ని అడిగాను. ఆయన నవ్వి, అప్పటికి తను పుట్టలేదన్నాడు.

గేరు సైకిలు తాళంచెవి ఇంకో పది రోజులకు దొరికింది, ఫ్లైఓవరు ఎక్కనన్న షరతు మీద. కింది సర్వీసు రోడ్డున పోతున్నాను. మోకాలు మెట్లు దిగనిస్తోంది. మీ ఇంట్లో సైకిలుంటే పళ్ళు లెక్కపెట్టి, చక్రం కొలిచి, మీ ఊరి ఎక్కుడు ఎలా ఉంటుందో రాసి పత్రిక చిరునామాకు పంపండి. లెక్క వేసి పెడతాను.