మంచి చేతికి గ్లవ్

నాన్నకి స్ట్రోక్ వచ్చి ఎనిమిది నెలలు. కుడి చెయ్యి కాస్త కదులుతుంది, కానీ వాడరు. అన్నం కూడా ఎడమ చేత్తోనే. ఫిజియోథెరపిస్ట్ వచ్చి ఆ ఎడమ చేతికే మందపాటి గ్లవ్ తొడిగేశారు! నాకు ఒళ్లు మండింది. ఉన్న ఒక్క చెయ్యీ కట్టేస్తారా?

తర్వాత తెలిసింది, ఇది అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టౌబ్ పద్ధతి. వాడకపోతే, ఆ చెయ్యిని వాడకపోవడమే మెదడుకి అలవాటైపోతుందట. 222 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2006లో వచ్చాయి. రెండు వారాలు, మెలకువగా ఉన్న టైమంతా దాదాపు గ్లవ్, రోజూ గంటల తరబడి ప్రాక్టీస్. ఏడాది తర్వాత కూడా వాళ్ల చెయ్యి మెరుగ్గానే ఉంది. మణికట్టు, వేళ్లు కొంచెమైనా కదిలేవాళ్లకే లెండి. థెరపిస్ట్ లేకుండా మీరే మొదలెట్టేయకండి.

నిన్న నాన్న ఇడ్లీ ముక్క మూడుసార్లు జారవిడిచారు. అమ్మ తినిపించబోతే నేనే ఆపాను. ఇంకా నాతో మాట్లాడట్లేదు.