యూదాను ఎటువైపు కూర్చోబెట్టాలి?

మా ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళల్లో ప్రభువు రాత్రి భోజనం పటం లేని ఇల్లు అరుదు. మా ఇంట్లోనూ ఉంది. ధాన్యం బస్తాలు వేసే వసారాలో, గుమ్మం పైన. దుమ్ముకీ పొట్టుకీ సగం రంగు పోయింది. చిన్నప్పుడు ఆ పటం కింద నించుని పిల్లలం ఆడే ఆట ఒకటే: ఆ పదమూడు మందిలో ఇస్కరియోతు యూదా ఎవడో కనిపెట్టడం. ముందు వేలు పెట్టి చూపించినవాడు గెలిచినట్టు. సండే స్కూల్లో చెప్పిందీ అదే. చేతిలో డబ్బు సంచీ ఉన్నవాడు, మొహం నీడలో ఉన్నవాడు, వాడే. కనిపెట్టేశాక ఇక ఆ పటంతో మాకు పని ఉండేది కాదు.

ఈమధ్య లైబ్రరీలో చిత్రకళ పుస్తకాలు తిరగేస్తుంటే తెలిసింది, ఈ ఆట మేం కనిపెట్టింది కాదని. యూరప్ చిత్రకారులు కొన్ని వందల ఏళ్ళు ఇదే ఆడారు. ఫ్లారెన్సులోని సాంటా అపొల్లోనియా మఠం గోడ మీద 1447లో ఆంద్రేయా దెల్ కస్తాన్యో ఈ భోజనం బొమ్మే వేశాడు. బల్లకి అవతల క్రీస్తూ, శిష్యులూ వరసగా కూర్చుని ఉంటారు. యూదా ఒక్కడే ఇవతల, ముక్కాలిపీట మీద, అందరికీ ఎదురుగా. పంక్తిలోంచి లేపేసి విడిగా విస్తరి వేసినట్టన్నమాట! 1480లో అదే ఊళ్ళో గిర్లాందాయో వేసినప్పుడూ అంతే. కొందరు యూదా తల వెనక వెలుగు వలయం తీసేశారు. కొందరు నల్లటి వలయం పెట్టారు. కొందరు పసుప్పచ్చ బట్టలు తొడిగారు. ఎంత దూరం నుంచి చూసినా ద్రోహి ఎవరో తెలిసిపోవాలి. వాళ్ళ పట్టుదల అది.

ఇందులో తప్పేముంది, చదువురాని జనానికి బొమ్మలే కదా పుస్తకాలు, అనవచ్చు. నిజమే. కానీ సువార్తలో జరిగింది ఇది కాదు. మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడని ప్రభువు అన్నప్పుడు, మత్తయి, మార్కు సువార్తల ప్రకారం, ఒక్క శిష్యుడు కూడా పక్కవాడి వైపు చూపించలేదు. ఒకరి తర్వాత ఒకరు, అది నేనా అని అడిగారు. మూడేళ్ళపాటు కలిసి తిరిగినవాళ్ళకి ద్రోహి ఎవడో మొహం చూస్తే తెలియలేదు. అంతకన్నా ఘోరం, తాను కాదన్న నమ్మకం ఒక్కడికీ లేదు. ఇవతల ఒంటరిగా పీటేసి యూదాని కూర్చోబెట్టిన బొమ్మలో ఆ ప్రశ్నకి చోటెక్కడ? నా అభిప్రాయం ఏమిటంటే, ద్రోహిని గుర్తుపట్టడం తేలిక చేసిన ప్రతి పవిత్ర చిత్రమూ చూసేవాడికి ఒక అపకారం చేసింది. అతన్ని ఆ ప్రశ్న అడగకుండా ఇంటికి పంపించేసింది.

అపకారం అక్కడితో ఆగలేదు. యేసు యూదుడు, పేతురు యూదుడు, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ యూదులే. అయినా బొమ్మల్లో యూదుల పోలికలని జనం వెక్కిరించే కొంకి ముక్కూ, పసుపు బట్టలూ ఇస్కరియోతు ఒక్కడికే వచ్చాయి. 1215లో నాలుగో లాటరన్ మహాసభ యూదులు వేరుగా తెలిసే బట్టలు కట్టుకోవాలన్నది. చాలాచోట్ల ఆ గుర్తు పసుపు రంగులోనే ఉండేది. 1941లో జర్మనీలో హిట్లరు ప్రభుత్వం కుట్టించిన నక్షత్రమూ పసుపే. వీటన్నిటికీ చిత్రకారులే కారణమని నేననను. కానీ గుడి గోడ మీద ఒక జాతి మొత్తానికి ద్రోహి మొహం తగిలించాక, వీధిలో రాయి విసిరేవాడికి మనస్సాక్షి అడ్డు రాదు. క్రీస్తు మరణానికి యూదులందరినీ బాధ్యులని అనరాదని కేథలిక్ సభ అధికారికంగా చెప్పడానికి 1965 దాకా పట్టింది.

అందరూ ఒకే దారిన పోలేదు. పాదువాలోని స్క్రొవేన్యీ ప్రార్థనాలయంలో 1305 ప్రాంతంలో జోత్తో వేసిన యూదా ముద్దు చూడండి. యూదా కట్టుకున్నది ఇక్కడా పసుపు వస్త్రమే. ఆ వస్త్రం క్రీస్తుని దాదాపు కప్పేస్తుంది. చుట్టూ దివిటీలు, ఈటెలు, గోల. మధ్యలో రెండు మొహాలు మాత్రం కదలకుండా, జానెడు దూరంలో ఒకదాన్నొకటి చూసుకుంటుంటాయి. క్రీస్తు మొహంలో కోపం లేదు. బాగా తెలిసినవాణ్ణి చూసే చూపు అది. ఇంకో విశేషం. ఆ ప్రార్థనాలయం కట్టించిన ఎన్రికో తండ్రి పేరుమోసిన వడ్డీ వ్యాపారి. కవి డాంటే అతన్ని తన కావ్యంలో నరకంలో కూర్చోబెట్టాడు. ఆ పాప పరిహారానికే కొడుకు దాన్ని కట్టించాడని చాలామంది అంటారు. యూదా డబ్బు సంచీ అందుకునే బొమ్మ కూడా ఆ గోడల మీదే ఉంది. వడ్డీ డబ్బుతో కట్టిన గోడ మీద వెండి నాణాల సంచీ! అప్పు పత్రం మీద వేలిముద్ర వేసిన ఇంట పుట్టినవాణ్ణి గనక నాకు అది చప్పున తగిలింది.

నాణాలంటే గుర్తొచ్చింది. ముప్ఫై వెండి నాణాలు ఎక్కడి లెక్క? నిర్గమకాండంలో ఒక చట్టం ఉంది. ఎద్దు పొడిచి బానిస చనిపోతే, ఎద్దుగలవాడు ఆ బానిస యజమానికి ముప్ఫై తులాల వెండి ఇచ్చుకోవాలి. అంటే క్రీస్తుకి కట్టిన ధర ఒక బానిస ప్రాణం ధర. చివరికి ఆ డబ్బుతో యాజకులు కొన్నదేమిటి? పొలం. కుమ్మరివాని పొలం. మా నాన్నకి ఈ సంగతి చదివి వినిపిస్తే, ఆయన చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "ఏ పొలం వెనకాల ఏముందో" అన్నాడు.

ఇక మా వసారాలో ఉన్న బొమ్మ. అది లియొనార్డో డావించీ 1495, 1498 మధ్య మిలాన్లోని సాంటా మరియా దెల్లె గ్రాజియె మఠం భోజనశాల గోడ మీద వేసినదానికి నకలుకి నకలు. ఇతను చేసిన గొప్ప పని ఏమిటంటే యూదాని మళ్ళీ బల్ల అవతలికి, అందరి మధ్యకీ తీసుకెళ్ళాడు. ఎవరికీ వెలుగు వలయం లేదు. పేతురు, యోహాను, యూదా తలలు మూడూ ఒక గుంపులో ఉంటాయి. యూదా చేతిలో సంచీ ఉన్న మాట నిజమే, కానీ అదే గుంపులో పేతురు చేతిలో కత్తి ఉంది. సంచీ చూపించిన సండే స్కూలు మాకు కత్తి చూపించలేదు.

తడి సున్నం మీద రంగు వేస్తే, ఆరేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి కాల్షియం కార్బొనేట్ అవుతూ రంగుని తనలో బిగించుకుంటుంది. కానీ గోడ ఆరేలోపు పని అయిపోవాలి. లియొనార్డోకి ఆ తొందర గిట్టలేదు. తీరిగ్గా, దిద్దుకుంటూ వేయడానికి ఆరిన గోడనే ఎంచుకున్నాడు. ఫలితం, అతను బతికుండగానే రంగు రాలడం మొదలైంది. 1978 నుంచి 1999 దాకా సాగిన మరమ్మతు తర్వాత కూడా అసలు రంగు మిగిలింది కొద్దిగానే. కెమిస్ట్రీ లెక్కన అది తప్పిన ప్రయోగం. మొహాల కోసం గోడని పోగొట్టుకున్నాడు.

ఈ చిత్రం గురించి మన ప్రసంగాల్లో తరచూ వినే కథ ఒకటుంది. క్రీస్తు బొమ్మకి నించున్న అందమైన యువకుడే, కొన్నేళ్ళ తర్వాత పాడైపోయి యూదా బొమ్మకి నించున్నాడని. దీనికి ఆధారం లేదు. మొత్తం చిత్రమే మూడు నాలుగేళ్ళ పని. అబద్ధమని తెలిశాక కూడా నాకు ఆ కథ మీద కోపం రాలేదు. జనం ఎక్కడో ఒకచోట, ఆ రెండు మొహాలూ ఒకే మనిషివి కావచ్చని ఒప్పుకున్నారు కదా.

కరవాజ్జో 1602లో క్రీస్తును బంధించే ఘట్టం వేశాడు. జాడ తెలియకుండా పోయిన ఆ చిత్రం 1990లో డబ్లిన్లో దొరికింది. అందులో కుడివైపున లాంతరు ఎత్తి పట్టుకున్న మనిషి మొహం చిత్రకారుడిదేనని పండితులు చెబుతారు. శిష్యుల పక్కన కాదు, పట్టుకోవడానికి వచ్చినవాళ్ళ వెనక నించున్నాడు. రెంబ్రాంట్ 1629లో, మనకన్నా రెండు మూడేళ్ళు పెద్దవాడు అంతే, యూదా డబ్బు తిరిగిచ్చేసే దృశ్యం వేశాడు. మోకాళ్ళ మీద పడి, వేళ్ళు మెలేసుకుని, నేల మీద చెల్లాచెదురైన నాణాలు. యాజకుల్లో జాలి లేదు. ఎప్పుడో ముద్దు పెట్టినవాడిగానే తెలిసిన మనిషి ఏడవడం నేను మొదటిసారి అక్కడే చూశాను. ఆయనే 1660లో పేతురు బొంకడాన్నీ వేశాడు. దాసి దీపం ఎత్తి మొహంలోకి చూస్తుంటే పేతురు ఆయనెవరో నాకు తెలీదంటున్నాడు, వెనక చీకట్లో క్రీస్తు తల తిప్పి చూస్తున్నాడు.

ఆ రెండో బొమ్మ దగ్గర నేను పుస్తకం మూసేశాను. ఇంటర్ చదివేటప్పుడు, వేరే ఊళ్ళో, మా హాస్టల్లో అన్నంలో పురుగులొస్తున్నాయని నేనూ నా స్నేహితుడూ కలిసి అర్జీ రాసి గదిగదికీ తిరిగి సంతకాలు పెట్టించాం. మర్నాడు ఆఫీసులోకి పిలిచి, నువ్వూ తిరిగావా అన్నారు. లేదు సార్ అన్నాను. రాసిందెవరో తెలుసా అన్నారు. నాకేం తెలీదు సార్ అన్నాను. చేతిరాత అతనిది. పదిహేను రోజులు ఇంటికి పంపేశారు, ప్రాక్టికల్స్ పోయాయి, అతను మళ్ళీ చదువులోకి రాలేదు. నాకెవరూ నాణాలివ్వలేదు. ఎవరి పటంలోనూ నా చేతిలో సంచీ కనబడదు.

ఫ్రాన్సులో వెజిలే అనే ఊరి గుడిలో పన్నెండో శతాబ్దపు స్తంభశీర్షం ఒకటుంది. ఒకవైపు ఉరి వేసుకున్న యూదా, నాలుక బయటికి. రెండోవైపు ఒక మనిషి ఆ శవాన్ని భుజాల మీద వేసుకుని మోసుకుపోతున్నాడు, మనం అప్పుడే పుట్టిన దూడని కళ్ళంలోంచి మోసుకొచ్చినట్టు. మోసేవాడు మంచి కాపరియైన క్రీస్తేనని కొందరు, శవాన్ని పాతిపెట్టే ఎవరో అని కొందరు. 2025లో కన్నుమూసిన పోప్ ఫ్రాన్సిస్ మొదటి అర్థాన్నే ఇష్టపడి పలుమార్లు దాని గురించి మాట్లాడారు. చెక్కినవాడు మాత్రం ఏమీ రాసిపెట్టలేదు. నాకూ మొదటిదే కావాలనిపిస్తుంది. నాకు కావాలి గనకే దాన్ని నమ్మడానికి జంకుతాను కూడా.

పోయిన సంక్రాంతికి ఊరెళ్తుంటే బస్టాండులో ఆ స్నేహితుడు కనిపించాడు. చేతిలో మోటారు సామానేదో ఉంది. నేను తల తిప్పేసుకున్నాను. అతనే దగ్గరికొచ్చి, "ఏరా, డిగ్రీ ఎందాకా వచ్చింది?" అన్నాడు. ఇద్దరం టీ తాగాం. డబ్బులు అతనే ఇచ్చాడు. ఆ అర్జీ సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తాల్సింది నేను.